రెండో కాలు

నొప్పి తవిటమ్మకి ఎడమ మడమలో. పొద్దున్న లేచి కాలు నేల మీద మోపితే మేకు దిగినట్టుంటుంది. కాస్త తిరిగితే సర్దుకుంటుంది. కూర్చుని లేస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. గోగునార తీయడానికి మోకాటి లోతు కుళ్ళునీళ్ళలో నిలబడినప్పటి నుంచీ ఇదే వరస. వావిలాకు మరగబెట్టిన నీళ్ళలో కాలు పెట్టి చూసింది. కాలిన ఇటుక మీద జిల్లేడాకు పరిచి మడమతో తొక్కింది. ఆముదం రాసి ఉప్పుమూటతో కాపడం పెట్టుకుంది. తగ్గినట్టే తగ్గింది. ఇంతలో నూతి దగ్గర పాచి మీద జారి అదే కాలు బెణికింది. చీలమండ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడుతోంది.

రేపు ఆ కాలుతోనే గరువు దాకా నడవాలి.

గరువంటే ఊరికి పడమట ఉన్న మెట్టభూమి. మొగుడు పోయాక అదీ, దాని దిగువ పల్లం మడీ, అన్నీ మరిది జగన్నాధం చేతికిందే ఉండిపోయాయి. తవిటమ్మ అడగ్గా అడగ్గా కులపెద్ద సోములు నాయుడు ఒప్పుకున్నాడు. రేపు పొద్దున్న పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని గరువు మీదికి వస్తాడు. ఆమె వాటా కొలిపించి హద్దురాళ్ళు పాతిస్తాడు. ఆ వేళకి ఆమె అక్కడ ఉండాలి. లేకపోతే అడిగే మనిషి లేదనుకుని లేచిపోతారు, మళ్ళీ రారు.

ఇంకొకటి కూడా ఉంది. వాళ్ళ కులంలో మొగుడు పోయిన ఆడది మారుమనువు చేసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. కాని పై ఇంటికి మనువాడిపోయినదానికి పాత మొగుడి భూమిలో మట్టిపెడ్డ కూడా దక్కదు. రామతీర్థంలో గంగులని, పెళ్ళాం పోయినవాడు, తవిటమ్మ కోసం కబురు పంపాడు. ఆమె రానంది. ఆ కబురు నవ్వుతూ మోసుకొచ్చింది జగన్నాధం పెళ్ళాం, తోడికోడలు చిన్నతల్లి.

చిన్నతల్లి సాలూరు పిల్ల. తండ్రి లారీ డ్రైవరు. లారీల మధ్య పెరిగిన మనిషి, గొంతు పెద్దది. ఈ పల్లె కట్టుబాట్లు ఆమెకి సగం తెలుసు. తెలియని సగం కూడా తెలిసినట్టే ఉంటుంది. ఒకే వసారాలో ఇద్దరికీ చెరో పొయ్యి. ఆమె నవ్వు వినబడితే చాలు, తవిటమ్మకి ఒళ్ళు మండుతుంది. కారణం కోసం వెతికితే ప్రతిసారీ ఒకటి దొరుకుతుంది గాని, ఏదీ ఆ మంటకి సరిపడా ఉండదు. ద్వేషం ఆకలిలాంటిదని, వేళకి దానంతట అదే వస్తుందని, కారణాలు తర్వాత వడ్డించుకుంటామని ఆమె ఈ ఏడాదిలో తెలుసుకుంది.

ఆ మధ్యాహ్నం చిన్నతల్లి చేతిలో గిన్నెతో వచ్చి తవిటమ్మ ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"ఏదప్పా, సూపించు. ఓలమ్మ, కాలేటి, గుమ్మడికాయేటి?"

"నీకేటి పని?"

"రేపు గరువుకి ఎలగెల్తావు? మీ మరిది బుజానెత్తుకుని తీసుకెల్తాడేటి?"

"పాక్కుంటూ ఎల్తాను. నీకేటి బాద?"

"నాకేటి బాదుంటాది. నువ్వు రాకపోతే నాకే మంచిది గదా. అయినా తెచ్చినాను సూడు, పసుపూ సున్నమూ. మా అయ్యకి లారీ దిగినప్పుడు కాలు మడతపడిపోతే మా యమ్మ ఇదే పట్టేసింది. తెల్లారి లేచి మళ్ళా స్టీరింగు పట్టీసినాడు."

పగవాడు తన పగ తానే చెప్పేసి ఎదురుగా కూర్చుంటే అనుమానించడానికి ఏం మిగులుతుంది? తవిటమ్మ గిన్నెలోకి చూసింది. ఒక పక్క పసుపు ముద్ద, ఒక పక్క సున్నం. చిన్నతల్లి వేలితో రెండూ కలిపింది. కలిపిన చోట పసుపుపచ్చ చచ్చి ఎర్రదనం పుట్టింది. చూస్తుండగానే గిన్నంతా ఎర్రబడింది.

పెళ్ళికూతురి పాదాలకి పెట్టే పారాణి కూడా ఈ రెండే. చీలమండకి పట్టు వేస్తే మందు, పాదం అంచున గీస్తే పారాణి. మొగుడు పోయిన తర్వాత తవిటమ్మ పసుపుతో కూర వండుకుంది గాని కాళ్ళకి రాసుకోలేదు. రాసుకోకూడదు.

"పాత గుడ్డ సుట్టీస్తానులే. ఎవులికి కనబడతాది?" అంది చిన్నతల్లి.

తవిటమ్మ కాలు చాపింది.

గరిటెలో వెచ్చబెట్టిన ముద్ద చీలమండ మీద పడగానే ప్రాణం లేచొచ్చింది. వెచ్చదనం ఎముక దాకా దిగింది. ఆ చెయ్యి చిన్నతల్లిదని ఆమె ఒళ్ళు మరిచిపోయింది. మనసు మాత్రం మరవలేదు. రెండూ విడివిడిగా, ఒకదాన్నొకటి ఎరగనట్టు కూర్చున్నాయి. మడమంతా నిండాక చిన్నతల్లి కుడికాలు కూడా ఒళ్ళోకి లాక్కుంది.

"అదెందుకే? దానికి నొప్పి నేదు."

"నేదు గాని వస్తాది. బరువంతా దీని మీదే మోస్తన్నావు గదా. ముందే ఏసీస్తే మంచిది."

ఈసారి ముద్ద వెయ్యలేదు. వేలు గిన్నెలో ముంచి పాదం అంచున నడిపించింది. బొటనవేలి నుంచి మడమ దాకా, సన్నగా, వంకర లేకుండా. మందు వేసే వేలు అలా నడవదు. తవిటమ్మకి అంతా తెలిసిపోయింది. కాలు లాక్కోవచ్చు. లాక్కోలేదు.

ఎందుకు లాక్కోలేదో తర్వాత చాలాసార్లు తవ్వుకుంది. పాదం అంచున ఒక వేలు నడిచి ఎన్నాళ్ళో అయిందని కావచ్చు. లేదా ఊళ్ళో మొగుడు పోయాక మళ్ళీ మనువాడిన గురమ్మా దేముడమ్మా అప్పుడే గుర్తొచ్చి ఉండొచ్చు. గురమ్మ మారుమనువుకి చీపురుపల్లి వెళ్ళినప్పుడు పుట్టింటివాళ్ళు వచ్చి పారాణి పెట్టారు. దేముడమ్మకి అత్తే పెట్టింది. ఆ సంగతి చిన్నతల్లి వేలు నడుస్తుండగా తోచిందో, ఆ రాత్రి పడుకున్నాక తోచిందో ఎంత తవ్వినా తేలలేదు.

తెల్లారి గుడ్డ విప్పి కడిగింది. వాపు దిగింది. ఎరుపు దిగలేదు. ముగ్గురాయితో రుద్దితే చర్మం మండింది తప్ప రంగు వదల్లేదు.

ఊళ్ళో గోడల మీద పోయిన ఓట్లప్పటి గుర్తులు ఇంకా వెలవలేదు. ఆ గోడల వెంట నడుస్తుంటే నూతి దగ్గర మాటలు ఆగిపోయాయి. ఆమె దాటాక మళ్ళీ మొదలయ్యాయి.

"తవిటి కాళ్ళు సూసినావేటే?"

"సిన్నతల్లి నిన్న సాయంత్రమే సెప్పింది. రామతీర్థంట."

గరువు మీద గోగుమోళ్ళ మధ్య పెద్దమనుషులు కూర్చున్నారు. హద్దురాళ్ళు ఎడ్లబండిలో ఉన్నాయి, ఇంకా దించలేదు. జగన్నాధం బండి పక్కన నేలచూపులు చూస్తూ నిలబడ్డాడు. చిన్నతల్లి చోడి అంబలి కుండ చంకన పెట్టుకుని అందరికంటే ముందే వచ్చింది.

సోములు నాయుడు చుట్ట నోట్లోంచి తీశాడు. "ఏటే తవిటీ, గంగులింటికెల్తన్నావట. మంచిదే. మరి మమ్మల్నెందుకీ ఎండలో తిప్పడం?"

"ఎవులు సెప్పినారు, మావా?"

"ఒకలు సెప్పాలేటి? నీ కాల్లే సెప్తన్నాయి."

"కాలు బెణికితే ఏసిన పట్టిది."

"ఏ కాలు బెణికింది?"

"ఎడం కాలు."

"మరి కుడికాలు ఏడిసిందేటి, నాకూ ఎయ్యమని?"

నవ్వారు. జగన్నాధం తల ఎత్తకుండానే అన్నాడు. "అయితే బండి తిప్పీమంటారేటి, మావా? ఎడ్లకి పొద్దెక్కిపోతన్నాది."

ఎడ్ల మీద అంత జాలి అతనికి ఎన్నడూ లేదు. తవిటమ్మ చిన్నతల్లి వైపు చూసింది. ఆమె కళ్ళు దించుకుని ఉంది. పెదవి చివర మాత్రం దించుకోలేదు. నన్ను మోసం చేసింది అని తవిటమ్మ ఏడవొచ్చు. ఏడిస్తే మొగుడు పోయిన ఆడదాని ఏడుపు కింద జమకట్టి లేచిపోతారు. చిన్నతల్లి కాచుకున్నదీ ఆ ఏడుపు కోసమే.

"పారాణే అనుకో, మావా," అంది తవిటమ్మ. "ఎవులెట్టినారో అడగవేటి?"

"ఎవులు?"

"సిన్నతల్లి. మా వసారాలో కూకోబెట్టి, తన సేత్తోనే."

నాయుడు చుట్ట నోటి దాకా వెళ్ళి ఆగింది. "నిజిమేనా, పిల్లా?"

చిన్నతల్లి తలెత్తింది. ఇంత సుళువుగా కుదురుతుందని ఆమె అనుకోలేదు. "అవును. అప్ప అడిగింది, నానెట్టినాను. మంచి పనే గదా అని."

 ముసలాళ్ళలో ఒకడు కిచకిచమన్నాడు. అది మిగతావాళ్ళకీ అంటుకుంది.

"నీకు తెల్దు గావాల. సాలూరు దానివి గదా," అన్నాడు నాయుడు. "పుట్టింటోలు పారాణి ఎడితే ఆడది పైకెల్లిపోతాది. అత్తింటి ఆడది ఎడితే అత్తింట్లోనే ఉండిపోతాది, మరిదికి. దేముడమ్మకలాగే అయింది. ఒరే జగన్నాధం, పెల్లామే ఒప్పుకుని నీకు మనువు కుదిర్సింది. ఇంకేటి కావాల్రా నీకు?"

జగన్నాధం అప్పుడు తలెత్తాడు. కోపంతో కాదు. వదిన కాళ్ళకేసి చూశాడు, సంతలో గిత్తని చూసినట్టు. గరువూ పల్లమూ చీలకుండా ఉంటాయన్న ఆలోచన ఆ చూపులో తేటతెల్లంగా కనబడింది. తవిటమ్మ చూసింది. చిన్నతల్లీ చూసింది. అంతమందిలో ఆ చూపు చూసినవాళ్ళు వాళ్ళిద్దరే.

 తను తవ్విన గోతి అంచున తవిటమ్మే నిలబడి ఉంది. చిన్నతల్లి నోరు విప్పకపోతే భూమీ ఉండదు, ఒళ్ళూ తనది కాదు. ఒకరినొకరు చూసుకున్నారు. ఇంత దగ్గరగా వాళ్ళు ఎన్నడూ లేరు.

అంబలి కుండ ఒరిగి చిన్నతల్లి చీర మీద ఒలికింది.

"మందది," అంది.

"ఏటీ?"

"మందు. పసుపూ సున్నం. కాలు వాసిందని ఏసినాను. పారాణి కాదు."

"అప్ప అడిగిందన్నావు?"

"అడగనేదు."

"రెండో కాలికో?"

చిన్నతల్లి గొంతు సన్నబడింది. "అదీ మందే."

నాయుడు తీరిగ్గా పొగ వదిలాడు. అతనికి పొద్దు బాగా గడుస్తోంది. "అందరూ ఇన్నారు గదా. మందట. మారుమనువు నేదు. రాళ్ళు దించండి. ఒసే సిన్నతల్లీ, మందయితే తగ్గీదాకా ఎయ్యాల. మద్దెలో మానీసినావంటే అది పారాణే అనుకుంటాం, సూసుకో."

రాళ్ళు పాతారు. ప్రతి రాయి దగ్గరా తవిటమ్మ వెళ్ళి నిలబడింది, ఎర్రటి కాళ్ళతో.

ఆ సాయంత్రం చిన్నతల్లి గిన్నె తెచ్చింది. మర్నాడూ తెచ్చింది. ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, తోడికోడలి మడమ ఒళ్ళో పెట్టుకుని పట్టు వేస్తోంది. మొదట్లో గోళ్ళు దిగేలా నొక్కేది. తర్వాత నొక్కడం మానేసి సున్నం పెంచింది. తవిటమ్మకి గిన్నె చూడగానే తెలిసింది. పసుపు తగ్గి సున్నం ఎక్కువైతే చర్మం కాలుతుంది. పాదం అంచున పొక్కులు లేచాయి. ఒకచోట తోలు ఊడింది.

మడమ నొప్పి ఏనాడో పోయింది. పొద్దున్న లేచి కాలు మోపితే నేల నేలలాగే ఉంటోంది. ఆ మాట చెబితే చాలు, ఇద్దరికీ విడుదల. తవిటమ్మ చెప్పలేదు. చెబితే సాయంత్రాలు ఏం చేసుకోవాలో ఆమెకి తోచలేదు. చిన్నతల్లికి తోస్తుందని కూడా నమ్మకం లేదు.

"ఇంకా నొప్పుగున్నాదేటి?" అంటుంది చిన్నతల్లి, పొక్కుల కేసి చూస్తూ.

"ఉన్నాది," అని తవిటమ్మ రెండో కాలు చాపుతుంది. "దీనికీ ఎయ్యి."