మధ్యలో మూడేళ్లు

నేను అత్తయ్య జుట్టు చిక్కు తీస్తుంటే, కంప్యూటర్ ముందు కూర్చుని నా బహుమతి దరఖాస్తు నింపుతున్న మా ఆయన అన్నాడు: "ఇదిగో, ఇక్కడొచ్చింది చిక్కు. పదేళ్లు ఆపకుండా పనిచేసుండాలట. నీకు మధ్యలో మూడేళ్లు ఖాళీ కదా?"

ఖాళీ!

అది దేశదేశాల వాళ్లు పోటీపడే పెద్ద బహుమతి. ఇన్నాళ్లూ డాక్టర్లకే ఇచ్చేవాళ్లు. నాలాంటి సైకాలజిస్టులూ అర్హులేనని ఈ ఏడే నిబంధన మార్చారు. మా ఆసుపత్రి నా పేరు పంపుతానంది. పక్షవాతంతో మాట పోయి, మనసు కూడా మూసేసుకున్నవాళ్ల చేత మళ్లీ నోరు విప్పించే పద్ధతి నాది.

అది పుట్టింది ఆ ఖాళీలోనే. అత్తయ్య పక్షవాతంతో మాట పోయి మంచాన పడ్డప్పుడు "నువ్వయితేనే బాగా చూసుకుంటావు" అన్నాడాయన, మెచ్చుకోలుగా. "నీదెలాగూ కబుర్లు చెప్పే ఉద్యోగమేగా వదినా" అంది ఆడపడుచు. మానేశాను. పక్కబట్టలు మారుస్తూ నేను ఏడిస్తే, గోడవైపు తిరిగి ఆవిడ ఏడ్చేది. ఒకరోజు సబ్బు చూపించి, విసుగులో నోరు జారి "ఇదిగో దువ్వెన" అన్నాను. ఆవిడ కళ్లెర్రజేసి "స... బ్బు" అంది. నాలుగు నెలల తర్వాత మొదటి మాట! కోడల్ని దిద్దడమంటే ఏ అత్తగారికి హుషారుండదు? ఆనాటి నుంచి కావాలనే తప్పులు మాట్లాడాను. ఆవిడ దిద్దింది. ఏ పూట ఏ మాట వచ్చిందో పుస్తకంలో రాసి పెట్టుకున్నాను.

"కుటుంబ కారణాలు అని రాసెయ్. జాలిపడి ఒప్పుకుంటారేమో" అన్నాడు మా ఆయన.

సరేనని లేవబోయాను. అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"కా... దు."

"మరేం రాయను అత్తయ్యా?"

"న... న్ను రాయి."

ఆయన తల్లి ముఖంలోకి చూశాడు. తర్వాత నా ముఖంలోకి. "ఖాళీ అన్నాను కదూ" అని గొణిగి, లేచి కుర్చీ నాకిచ్చాడు. "అర్హత లేదంటారేమో?"

"అననీ" అన్నాను.

'ఆ మూడేళ్లూ పని ఆగలేదు. పనిచేసిన చోటు: ఇల్లు' అని టైపు కొట్టాను. ఆ కింద తోటి పరిశోధకుల పేర్లు అడిగారు. అత్తయ్య పూర్తి పేరు నాకు తెలుసు. అయినా తెలియనట్టే అడిగాను. ఆవిడ ఒక్కో అక్షరం కూడదీసుకుని చెబుతుంటే, తొందరపడకుండా రాసుకున్నాను.