ఎనిమిదో రోజు చుట్టం

ఆదివారం అక్రాలో మా బజారు తెరవరు. ఆ ఒక్క పూటా వీధి మాది. బట్టల కొట్టు మెట్లు మా పడకగది, పక్కసందు స్నానాల గది, షట్టరు నీడ వసారా. మిగతా ఆరు రోజులూ నెత్తిన తట్టలతో జనం సామాన్లు మోసే ఆడపిల్లలం, ఆ రోజు ఇల్లాళ్లలా కూర్చుని జడలల్లుకుంటాం. సముద్రపు గాలికి ఆరేసిన గుడ్డలన్నీ ఊగుతుంటే వీధే మెల్లగా ఎటో తేలిపోతున్నట్టుంటుంది.

ఆ ఆదివారం, మాతో తట్టలు మోసే మెమునాటు కూతురు పుట్టి ఎనిమిదో రోజు. ఉత్తరాన ఉన్న మా ఊళ్లలో పేరు పెట్టేదాకా ఆడబిడ్డను సంపాగా అంటారు, అంటే ఇంటికొచ్చిన చుట్టం. ఎనిమిదోనాడు ఇంటిపెద్ద ఒళ్లోకి తీసుకుని "మాది" అంటేనే పేరు. ఈ బిడ్డ తండ్రి మొహం చాటేశాడు, వాడి జిమ్మడ.

"ఇక్కడ పేరు పెట్టేవాళ్లు లేకపోతే రేపు ఊరి బస్సెక్కుతానక్కా. మా మామ పేరు పెడతాడు," అంది మెమునాటు గుసగుసగా.

పెడతాడు. ఆ మర్నాడే పదిహేడేళ్ల ఈ పిల్లను ఓ ముసలాడికి కట్టబెడతాడు. నాకు ఒళ్లు మండిపోయింది. విసవిసా వెళ్లి మసీదులో ఖురాను చెప్పే మాలం తాతను పిలుచుకొచ్చాను.

"ఇల్లెక్కడమ్మా?" అన్నాడాయన.

"ఇదే తాతా. చెప్పులు కిందే విడువు," అంది రబి. మాలో దానికే నోరెక్కువ.

ఆయన నవ్వలేదు. చెప్పులు విడిచి మెట్టెక్కాడు. "ఇంటిపెద్ద ఎవరు?"

అందరూ నావైపు చూశారు. నాకు పందొమ్మిది.

"నేనేం పెద్దని? వచ్చే నెల ఊరెళ్లిపోయేదాన్ని."

"ఏడేళ్లుగా వచ్చే నెలేగా, అశేతక్కా," అంది రబి.

ఏడ్చినట్టే ఉంది దాని తెలివి. కానీ మెమునాటు అప్పటికే బట్టలమూట దగ్గరికి లాక్కుంటోంది. మెట్టు మీద చతికిలబడి చేతులు చాపాను.

"బిడ్డనిటివ్వు."

పాలవాసన. వెచ్చగా, పిడికెడంత ప్రాణం. "మాది," అన్నాను. ఇంకాస్త గట్టిగా మళ్లీ అన్నాను. తాత వంగి పాప చెవిలో పేరు చెప్పాడు. సుహుయిని, అంటే ఒకే మనసు. ఇలాంటి వేడుకల్లో పంచే కోలా కాయలు ముక్కలు చేసి అందరం నమిలాం. ఆ చేదు ఎప్పుడూ అంత తియ్యగా లేదు.

కబురు తెలిసి పక్కకొట్టు మెట్ల మీది పిల్లలు పరుగెత్తుకొచ్చారు. "ఏదే, సంపాగాని ఇటివ్వండే," అంది ఒకతి.

ఎనిమిది రోజులుగా గుసగుసలు తప్ప ఎరగని మెమునాటు వీధంతా వినపడేలా అంది:

"సంపాగా ఎవరే? ఈ ఇంట్లో చుట్టాలెవరూ లేరు."