చప్పిడి జావ

ఇవాళ కళ్ళు కాస్త తెరిపిన పడ్డాయి, రెప్పల వాపు తీసిందనే అనుకోవాలి, అనుకుంటూ జయమణి తెరేజ మొహం వంకే చూస్తోంది, తన మొగుడు స్తెఫనుకి మొదటి భార్య కన్న పిల్ల, తను ఈ జగ్గయ్యపేట ఇంటికి కాపరానికొచ్చి రెండేళ్ళయినా పిన్నీ అనే పిలుస్తుంది, పిలవనీ, కాళ్ళ మీద గజ్జిపుళ్ళు లేస్తే వేపాకూ పసుపూ నూరి రాసింది తనే, మానాయని సంతోషించిన కొన్నాళ్ళకే మొహం ఉబ్బింది, మూత్రం డికాషన్ రంగులో పోసింది, పుళ్ళు మాడ్చి విషాన్ని లోపలికి తోలింది, కన్నతల్లయితే అట్టా చేస్తుందా అని బావి దగ్గర ఎవరో అన్నారు, ఆ మాట పిల్లతో ఎక్కిన బస్సు చిల్లకల్లు దాటినా, నందిగామలో దిగినా చెవుల్లోంచి పోలేదు.

నందిగామ డాక్టరుగారు పిల్ల కాళ్ళ మీది మచ్చలు తడిమి చూసి నెమ్మదిగా చెప్పారు, నీ పసుపు చేసిందేమీ లేదమ్మా, మన ఒంట్లో పుట్టుకతోనే కాపలా ఒకటుంటుంది, పుండులో చేరిన క్రిమి మీద అది లేచింది, ఆ పోట్లాటలో మిగిలిన చెత్త పోయి మూత్రపిండాల్లో ఇరుక్కుంటే అక్కడికీ ఎగబడింది, శత్రువేదో ఇల్లేదో చూసుకోకుండా, అదే ఈ వాపు, పెద్ద డాక్టర్లు ఇప్పుడిప్పుడే తేలుస్తున్న సంగతి ఇది, పెన్సిలిను సూదులేస్తాను, చల్లారేదాకా మంచం దిగనీకు, ఉప్పు నాలిక్కి తగలనీకు, అని, తప్పు తనది కాదని ఆయనన్నాక గుండె తేలికవ్వాలిగా, కాలేదు, పోనీ తప్పంతా నాదే కానీ, ఈ పిల్ల లేస్తే చాలు అనిపించింది.

ఇవాళ ఇంటికి లూర్దమ్మ వచ్చింది వీరులపాడు నుంచి, పోయిన కూతురి బిడ్డని చూసుకోవటానికి, కొంగు కింద మాగాయ గిన్నె, పిల్ల వాసన పట్టేసింది, పిన్నీ ఒక్క ముక్క, ఈ చప్పిడి జావ మింగలేకపోతున్నా, అని ఏడుపు, ఇన్నాళ్ళూ దేనికీ కాదనలేదు తను, పీచుమిఠాయంటే పీచుమిఠాయి, జలుబులో ఐసంటే ఐసు, కాదంటే సవతితల్లంటారని, ఏడిస్తే గోడవతలికి వినపడుతుందని, లేచి గిన్నె అందుకుంది, వద్దమ్మా, ప్రేమకొద్దీ తెచ్చావు, అయినా వద్దు, లూర్దమ్మ తెల్లబోయి చూసింది, నా కూతురే ఉంటే ఒక్క ముక్క పెట్టకపోయేదా అంది, పెట్టేది కాదమ్మా అని జయమణి ఆ గిన్నె పొరుగింట్లో ఇచ్చి వచ్చింది.

పిల్ల గోడవైపు తిరిగి గొంతెత్తి ఏడుస్తోంది, కిటికీ వెయ్యబుద్ధి కాలేదు, విననీ, జయమణి గిన్నెలో జావ గరిటెతో తిప్పుతూ చల్లారుస్తోంది, అడిగిందల్లా చేతిలో పెట్టింది పిల్ల కోసం కాదు, తన మీదికి మాట రాకుండా కాచుకోటానికే, ఈ పిల్లని ఏడిపించగల ధైర్యం తనకి ఇవాళే వచ్చింది.