పోయిందా, పగిలిందా

చిన్న స్క్రూడ్రైవర్ల పెట్టె మూత సరిగ్గా పడటం లేదు. ఆమె దానికి రబ్బరు బ్యాండు చుట్టి సంచిలో పెట్టింది. భూతద్దం, టార్చి, స్కేలు, చేతి తొడుగులు ముందే సర్దుకుంది. టీ నిలబడే తాగుతోంది. ఆ వంటగదిలో పొయ్యిలు రెండు, గ్యాస్ బండలు రెండు, ఉప్పు డబ్బాలు రెండు, చివరికి చీపుళ్ళు కూడా రెండే. ఎడమవైపు గట్టు ఆమెది, కుడివైపు గట్టు వదినది.

వదిన అంటే చనిపోయిన భర్తకి అక్క. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి దగ్గరే ఉండిపోయింది. ఆయన పోయి చాలా ఏళ్ళయినా, ఆయన కొన్న ఈ రెండు గదుల ఫ్లాటు ఇద్దరి పేరు మీదా అలాగే ఉంది. అమ్మితే అవతలి మనిషి సుఖపడుతుందేమోనని ఇద్దరూ అమ్మకానికి ఒప్పుకోలేదు. జ్వరంతో ఉన్నవాణ్ణి పనికి తరిమి చంపావని వదిన అంటుంది. గుండె బాగోలేనివాడికి ప్రేమ పేరుతో ఉప్పూ నూనే కుమ్మరించి చంపావని ఆమె అంటుంది. ఇవేవీ మొహం చూసి అనుకునే మాటలు కావు. ముఖాముఖి మాట్లాడుకోవడం ఎప్పుడో మానేశారు. ఒకరు గిన్నెతో చెబితే ఇంకొకరు గోడతో చెబుతారు. వినాల్సినవాళ్ళు వింటారు.

"పొద్దున్నే బకెట్టు నీళ్ళన్నీ ఒలకబోసి పోతారు కొందరు," అంది వదిన, కిటికీ దగ్గర కుర్చీలోంచి, కిటికీతో. "జీతాలొచ్చేవాళ్ళకి నీళ్ళ విలువేం తెలుస్తుందిలే."

"బకెట్టుకి చిల్లు పడింది," అందామె టీ గ్లాసుతో. "కళ్ళుంటే కనబడుతుంది."

"కళ్ళు కొందరికే ఇచ్చాడు దేవుడు. ఊళ్ళోవాళ్ళ వస్తువులన్నీ తిరగేసి మరగేసి చూసి, చివరికి ఏమీ ఇవ్వం పొమ్మనే కళ్ళు. పాపిష్టి ఉద్యోగం."

ఆమె చెప్పులు వేసుకుని, అవసరమైన దానికంటే గట్టిగా తలుపు వేసింది.

ఆమెది బీమా కంపెనీలో పరిశీలన ఉద్యోగం. ఒకప్పుడు భర్త కెమెరాలూ రేడియోలూ బాగుచేసే కొట్టు నడిపేవాడు. పక్కన కూర్చుని అందిస్తూ అందిస్తూ ఆమే విప్పడం నేర్చుకుంది. ఆయన పోయాక కొట్టూ పోయింది. ఆ విప్పడం ఒక్కటే మిగిలి, దాంతోనే కంపెనీలో చేరింది. మొదట్లో సెల్‌ఫోన్లు, తర్వాత కెమెరాలు, ఇప్పుడు జనం సరదాకి ఎగరేసుకునే చిన్న డ్రోన్లు. పడితే బాగుచేయిస్తాం, నీళ్ళలో మునిగినా సరే, ఎగిరిపోయి తిరిగి రాకపోతే కొత్తది ఇస్తాం అని కంపెనీ కాగితం మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాని కిందవి చిన్న అక్షరాలు. ఇళ్ళకి వెళ్ళి ఆ చిన్న అక్షరాలు చదివి వినిపించే మనిషి ఆమె.

ఆఫీసులో ఆమెని కొర్రీలమ్మ అంటారు. ఎదురుగా అనరు గానీ ఆమెకి తెలుసు. ఏ క్లెయిమ్‌కైనా ఒక కొర్రీ పెట్టకుండా సంతకం పెట్టదని ఆ పేరు. ఒకచోట కుక్కని ఉసిగొల్పారు. ఇంకొకచోట ఉబ్బిన బ్యాటరీ తీసి మొహం మీదకి విసిరారు. అందుకు ఆమె కూడా ఎవరికీ బాకీ ఉంచుకోలేదు. పడిందన్నవాళ్ళు పడేశారనీ, పోయిందన్నవాళ్ళు అమ్ముకున్నారనీ అనుకుంటూనే ఇంటి నుంచి బయల్దేరేది. చాలాసార్లు అదే నిజమయ్యేది. మనుషుల మీద నమ్మకం పోవడానికి ఆమెకి పెద్ద దెబ్బలేవీ తగలనక్కర్లేకపోయింది. ఉద్యోగమే ఆ పని నెమ్మదిగా చేసిపెట్టింది.

"మేడమ్, ఇది త్వరగా తేల్చండి," అన్నాడు ఆఫీసరు, తల ఎత్తకుండా. ఆమె కొడుకు వయసుంటుంది, ఆమెకి కొడుకుంటే. "పోయిన డ్రోన్. గాలికి కొట్టుకుపోయిందట. కొత్తది ఇచ్చేస్తే గొడవ వదులుతుంది."

"గాలి ఎప్పుడొచ్చింది?"

"నన్నడుగుతారేంటి? గాలినే అడగండి. మీ కొర్రీల మీద ఫిర్యాదులన్నీ నా నెత్తికే చుట్టుకుంటున్నాయి."

ఆమె చిరునామా రాసుకుని బస్సెక్కింది.

అది పాత మేడ. మధ్యలో గోడ కట్టి రెండుగా చీల్చారు. గేటుని కూడా కోసి చెరో రెక్కా తీసుకున్నారు. బయటి మెట్లు ఎడమ భాగానికి వచ్చినట్టున్నాయి, కుడి భాగంవాళ్ళు పైకెక్కడానికి ఇనుప నిచ్చెన బిగించుకున్నారు. ఎడమ తలుపు తీసినవాడు బస్సు డ్రైవరు. డ్యూటీ చొక్కా గుండీలు విప్పుకుని, ఒళ్ళంతా చెమటతో ఉన్నాడు. వెనకాల అతని భార్య కూర్చోమని కూడా అనకుండా నిలబడి చూస్తోంది.

"ఎక్కణ్ణుంచి ఎగరేశారు?"

"మేడ మీంచి."

"పదండి."

మేడ మీద కూడా ఛాతీ ఎత్తున గోడ లేచింది. దాని పైన గాజుపెంకులు గుచ్చారు. ఆమె సంచి దించి నాలుగువైపులా చూసింది. డ్రైవరు గోడకి వీపు పెట్టి, దానికి సరిగ్గా ఎదురు దిక్కుకి చెయ్యి చూపించాడు.

"అటు పోయిందండీ. ఒక్కసారిగా గాలొచ్చింది. చూస్తుండగానే మాయమైపోయింది."

"ఆ బట్టల తీగ మీద బట్టలేమీ పోలేదా?"

"బట్టల సంగతెందుకండీ ఇప్పుడు?"

"డ్రోన్‌ని మాయం చేసిన గాలి తువ్వాలుని వదిలేసిందా అని."

డ్రైవరు మొహం కందగడ్డలా అయింది. "అంటే నేను అబద్ధాలకోరునా? డబ్బు కట్టించుకునేటప్పుడు ఎంత తియ్యగా మాట్లాడారు! ఇప్పుడు ఇంటికొచ్చి దొంగని చూసినట్టు చూస్తారా?"

"గాలికి కాదమ్మా," అంది గోడకి అవతల్నుంచి ఒక గొంతు. "కర్రకి."

ఒక బట్టతల లేచింది. తర్వాత, డ్రైవరు మొహాన్నే ఇంకొంచెం ఎండబెట్టినట్టున్న మొహం.

"మీరెవరు?"

"వాడికి అన్నని. వాడు చెప్పడు లెండి." అతను ఒక గుడ్డసంచి పైకెత్తి చూపించాడు. "పోలేదు, నా దగ్గరుంది. నా మేడ మీదకొచ్చింది, కొట్టాను. రాసుకోండి, నేనే కొట్టానని."

"వాడి మేడ!" అన్నాడు డ్రైవరు, ఆమెతోనే. అన్న వైపు తిరగలేదు. "గోడ ఇక్కడిదాకా కట్టాడు, సరే. ఆకాశానికి కూడా కట్టాడేమో అడగండి."

"మా ఇంట్లోకి తొంగిచూడ్డానికి తెచ్చాడమ్మా దాన్ని. నేను గది వేసుకుంటే ఓర్వలేక."

"వాడి కొంప చూడ్డానికి నాకేం పని? రోజంతా ఒకే రోడ్డు మీద తిప్పుతానండీ బస్సుని. ఆగమన్నచోట ఆగాలి, పొమ్మన్నప్పుడు పోవాలి. ఇంట్లో నాది అని చెప్పుకోడానికి అదొక్కటే ఉంది. నేను చెప్పినచోటికి పోయేది."

ఆమె చేతులకి తొడుగులు వేసుకుని గోడ దగ్గరికి నడిచింది. "సంచి ఇటివ్వండి."

"మీకెందుకివ్వాలి? వాణ్ణి అడగమనండి. ఇచ్చేస్తాను. అన్నా, ఇవ్వరా అని ఒక్క మాట అనమనండి, చాలు."

"చచ్చినా అడగను."

"నేను అడుగుతున్నాను," అందామె. "కంపెనీ తరఫున."

పెద్దాయన ఆలోచించి, గాజుపెంకులు తగలకుండా సంచిని జాగ్రత్తగా అందించాడు. ఆమె నేలమీద కూర్చుని ఒక్కొక్కటే తీసి పేర్చింది. డ్రోన్ చేతుల్లో ఒకటి మొదలంటా విరిగింది. కెమెరా తీగకి వేలాడుతోంది. పొట్ట మీద కర్ర దెబ్బ సొట్ట. సంచి అడుగున చిన్న కాగితం పొట్లం ఉంది. విప్పితే అందులో విరిగిన రెక్కల తునకలు, ఊడిన స్క్రూలు. ఒక్కటి కూడా వదలకుండా ఏరి పొట్లం కట్టాడు. ఆమె ఆ పొట్లాన్ని కాసేపు చూసి, మళ్ళీ మడిచింది.

"ఇది ఒకే ఇల్లా, రెండిళ్ళా?"

"రెండు!" అన్నారు అన్నదమ్ములిద్దరూ ఒక్కసారే. ఆ రోజు వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

"ఇంట్లోవాళ్ళు కావాలని పగలగొడితే కంపెనీ ఇవ్వదు. బయటివాళ్ళు పగలగొడితే ఇస్తుంది, వాళ్ళ మీద పోలీసులకి ఫిర్యాదు ఇవ్వాలి. రెండిళ్ళే కాబట్టి మీకు వచ్చేదే."

డ్రైవరు కళ్ళు మెరిశాయి. "అయితే ఇప్పుడే ఇస్తాను ఫిర్యాదు. పదండి!"

 గోడ అవతల, కొట్టానని అంత గట్టిగా చెప్పిన పెద్దాయన, తమ్ముడు ఆ మాట అనగానే తల కిందికి దించేసుకున్నాడు.

"ఇప్పుడు కుదరదు," అందామె లేస్తూ. "మీరు పోయిందని రాసిచ్చారు. ఇది పోలేదు, పగిలింది. అబద్ధం చెప్పిన క్లెయిమ్‌ని మళ్ళీ తెరవరు. ఇక ముందు మీకు ఏ వస్తువు మీదా ఈ కంపెనీ పాలసీ ఇవ్వదు."

 డ్రైవరు భార్య మెట్ల మీంచి తిట్లు లంకించుకుంది. ఎవరిని తిడుతోందో, మొగుణ్ణో బావగారినో బీమా మనిషినో, విడదీసి చెప్పడం కష్టం. ఆమె పనిముట్లు సర్దుకుని, పగిలిన డ్రోన్‌ని మళ్ళీ గుడ్డసంచిలో వేసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక గోడ మీద పెట్టబోయింది. గాజుపెంకుల మీద అది నిలవలేదు. చివరికి ఎవరి చేతి నుంచి తీసుకుందో ఆ చేతికే తిరిగిచ్చింది.

డ్రైవరు గేటుదాకా వెంటపడ్డాడు.

"గాలి అని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుందండీ? మీకు తోడబుట్టినవాళ్ళు లేరా?"

"లేరు."

"మరి ఇంట్లో ఎవరూ లేరా?"

"ఉంది ఒకావిడ. నాకేమీ కాదు."

"అదీ సంగతి. ఎవరూ లేనివాళ్ళకే ఇలాంటి ఉద్యోగాలిస్తారు." అతను గేటు రెక్క విసురుగా వేశాడు. అవతలి రెక్క లేదు కాబట్టి అది గాలిలో ఊగి వెనక్కి వచ్చింది.

బస్టాపులో కూర్చుని ఫోన్లోనే రిపోర్టు పంపేసింది. తిరస్కరించడమైనది. పంపాక ఎప్పటిలాగే ఒళ్ళు తేలికైంది. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దారి పొడుగునా ఆమె మనసులో ఒకటే పని. ఈ అన్నదమ్ముల సంగతి ఇంటికెళ్ళి గోడకి ఎలా చెప్పాలి? ఎక్కడ మొదలుపెడితే వదినకి సూటిగా తగులుతుంది? "కొందరుంటారు, ఇవ్వనూ ఇవ్వరు, పారెయ్యనూ పారెయ్యరు" అని మొదలుపెడితే బాగుంటుంది. దానికి వదిన ఏమంటుందో కూడా ఆమెకి దాదాపు తెలుసు. అందుకు తన జవాబు కూడా సిద్ధం చేసుకుంది. ఎన్నో ఏళ్ళుగా ప్రతి సాయంత్రం ఆమె ఊళ్ళోంచి ఒక కథ మోసుకొస్తూనే ఉంది. ఇంకెవరికీ చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి చీకటి పడుతోంది. వదిన లైటు వెయ్యలేదు. కిటికీ దగ్గర కుర్చీలో అటు తిరిగి కూర్చునుంది.

"కరెంటు ఆదా చేస్తున్నారు కాబోలు కొందరు," అందామె గోడతో, చెప్పులు విప్పుతూ.

కాళ్ళు కడుక్కుని వచ్చి, స్టవ్ మీద టీకి నీళ్ళు పెట్టి మొదలుపెట్టింది. గోడ గురించి చెప్పింది, గేటు గురించి చెప్పింది. "స్క్రూలతో సహా ఏరి పొట్లం కట్టాడు మహానుభావుడు. అంత ప్రేమున్నవాడు కర్రెందుకెత్తాలో? కొందరికి అదో రోగం. చేతిలో ఉన్నంతసేపూ సాధిస్తారు, పోయాక ముక్కలేరుకుంటారు." ఇక్కడ వదిన అందుకోవాలి. అందుకోలేదు. ఆమె గొంతు కొంచెం పెంచి, కూడబెట్టుకున్న అసలు మాట వదిలింది. "ఉన్న ఒక్క తమ్ముణ్ణీ అలాగే పొట్టనబెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు."

ఆ మాటకి ఎన్నడూ జవాబు రాకుండా ఉండలేదు.

టీ నీళ్ళు మరుగుతున్నాయి. ఆమె వెళ్ళి లైటు వేసింది. వదిన కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, తల ఒక పక్కకి ఒరిగి ఉంది. ఒళ్ళో చెయ్యి వెల్లకిలా పడి ఉంది. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. దాన్ని ముట్టుకుని ఎన్నేళ్ళయిందో. చల్లగా ఉంది.

"వదినా," అంది. గోడతో కాదు. "వదినా, నేనే."

కింది అంతస్తు డాక్టరు వచ్చి చూసి, మధ్యాహ్నమే ప్రాణం పోయిందన్నాడు. దూరపు బంధువులు కొందరు వచ్చారు, మర్నాడు పొద్దున్నే శ్మశానానికి తీసుకెళ్ళారు. అన్నీ అయ్యాక ఎవరి ఇళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ మధ్యాహ్నం ఆమె ఒక్కతే ఉండగా ఫోన్ మోగింది. బస్సు డ్రైవరు.

"వచ్చింది మీ కంపెనీ జవాబు! చల్లబడిందా మీ కడుపు? మనిషి పుట్టుక పుట్టారా మీరు?" అంటూ అందుకున్నాడు. అతని గొంతు ఇల్లంతా నిండింది. అన్న ఆ గుడ్డసంచిని తెచ్చి తమ గుమ్మంలో పెట్టి, పిలవకుండా, ఒక్క మాట కూడా అనకుండా పోయాడని చెప్పాడు. దానికి కూడా ఆమెనే తిట్టాడు. ఆ ఉద్యోగాన్ని, కంపెనీని, ఆమె రాకడని తిట్టాడు. ఆమె ఫోన్ పెట్టెయ్యలేదు. చెవికి ఇంకా దగ్గరగా ఆనించుకుంది.

కాసేపటికి అతనికే ఆయాసం వచ్చింది. "ఏమమ్మా, వింటున్నారా?"

"వింటున్నాను. చెప్పండి."

 ఆమె గొంతులో ఏం వినిపించిందో, డ్రైవరు మెల్లిగా ఫోన్ పెట్టేశాడు.

ఆమె లేచి వంటగదిలోకి వెళ్ళింది. తన హద్దు దాటి, కుడివైపు గట్టు కింద వదిన అలమర మొదటిసారి తెరిచింది. రెండు కంచాలు, ఒక పాత గరిటె, వెనకాల పంచదార డబ్బా. డబ్బాకి చిన్న గొళ్ళెం బిగించి, దానికి వేలిగోరంత తాళం వేసి ఉంది. ఎవరికి భయపడి వేసిందో అడగనక్కర్లేదు. తాళంచెవి ఎక్కడా కనిపించలేదు. ఆమె డబ్బాని తీసి ఊపి చూసింది. లోపల పంచదార అటూ ఇటూ కదిలింది. సంచిలో స్క్రూడ్రైవర్లున్నా, గొళ్ళెం విప్పకుండానే డబ్బాని గట్టు మీద పెట్టింది.

గట్టు మధ్యలో, ఎడమా కుడీ కాని చోట, తాళం వేసిన ఆ డబ్బా ఒక్కటే ఉంది.