ఉంగరపు కత్తి

"మళ్ళీ పోయింది వదినా."

ఆడపడుచు తడి జుట్టుతోనే కొలిమిలోకి వచ్చి, తలుపు పక్కనున్న చెక్కపెట్టె మీద కూలబడింది. నడుముకు కట్టుకున్న ఖాళీ ఒర విప్పి ముందు పడేసింది.

కోడలు అప్పుడే నిప్పులోంచి తీసిన కొడవలిని దాగలి మీద పెట్టి నాలుగు దెబ్బలు వేసి, ఎరుపు తగ్గాక తలెత్తింది. "నది అడుగున కొట్టేమైనా పెట్టావా ఏంటి? మేమిక్కడ చేస్తూ ఉండటం, నువ్వక్కడ సర్దుకుంటూ ఉండటం!"

"నవ్వు, నవ్వు. దిగేది నేనేగా!"

ఆ ఇంట్లో ఇనుము పని మామగారిది, నీళ్ళ పని ఆడపడుచుది. కోడలి భర్త బస్సు తోలతాడు. స్టీరింగు తప్ప మరో ఇనుము ముట్టుకోడు. అందుకే మామగారి దగ్గర సమ్మెట కొట్టే మనిషి పని మానేసి వెళ్ళిపోయినప్పుడు, ఆ సమ్మెట ఎత్తింది కొత్తగా కాపురానికొచ్చిన కోడలే. మొదట్లో ఇరుగుపొరుగు వింతగా చూశారు. తర్వాత అలవాటు పడ్డారు. ఇంకొన్నాళ్ళకి కొడవలి మొద్దుబారితే తిన్నగా ఆమె చేతికే తెచ్చివ్వడం మొదలుపెట్టారు. అయినా కొలిమికి పేరు మామగారిదే, అందులో చెల్లే మాటా ఆయనదే.

ఆడపడుచు రేవులో డైవరు. పడవల అడుగున తిరిగే పంకాలకు చుట్టుకున్న వలలూ తాళ్ళూ కోసి తీయడం ఆమె పని. మీద ఎండ మండిపోతున్నా అడుగున నీళ్ళు మంచులా ఉంటాయి. వేళ్ళు కొయ్యబారిపోతాయి. ప్రవాహం తోసినప్పుడు పడవ లంగరు గొలుసు పట్టుకోవాలంటే పిడికిలి విప్పాలి. విప్పితే కత్తి జారిపోతుంది. మణికట్టుకు తాడుతో కట్టుకుని చూసింది. ఆ తాడే వెళ్ళి వలలో చిక్కుకుంది.

మామగారు మూల కూర్చుని ఆకురాయితో పిడి నునుపు చేస్తున్నారు. ఆయనకు మండింది. "నా కత్తికేం లోటే? పట్టుకోవడం చేతకాక కత్తినంటావు!"

"ఒక్కసారి నువ్వు దిగి చూడు నాన్నా. ఆ చలికి కత్తి మాట దేవుడెరుగు, నీ పేరే మర్చిపోతావు."

తండ్రీకూతుళ్ళ వాదన ఇక సాగుతూనే ఉంటుందని తెలిసి కోడలు పనిలో పడింది. కానీ ఆ ఖాళీ ఒర ఆమెను వదల్లేదు.

మర్నాడు ఇంట్లో పాత దుప్పటి కత్తిరిస్తూ ఉంటే పొయ్యి మీద పాలు పొంగాయి. ఒక్క ఉదుటున లేచి గిన్నె దించింది. దించాక చూసుకుంటే కత్తెర కింద పడలేదు. బొటనవేలికి వేలాడుతూ ఉంది. చేతిలో మసిగుడ్డ, గుడ్డలో గిన్నె, వేలికి కత్తెర. ఆమె అలాగే నిలబడి చాలాసేపు దాన్ని అటూ ఇటూ ఊపి చూసింది. భర్త వచ్చి, "పాలు పొంగితే నీకింత సంబరమేంటి?" అన్నాడు.

"కత్తికి ఉంగరం పెడతా," అంది.

ఆ మాటే మామగారితో అంటే ఆయన పడీ పడీ నవ్వారు. "కత్తికి ఉంగరమా? పెళ్ళెవరితో చేస్తున్నావమ్మాయ్?"

"నవ్వండి మామయ్యా. కానీ ఒక మాట చెప్పండి. వలని తోసి కోస్తామా, లాగి కోస్తామా?"

"లాగే కోస్తాం."

"మరి తిన్నటి కత్తి ఎందుకు? కొడవలిలా వంగి ఉంటే తాడు దానంతటదే లోపలికి వచ్చి పడుతుంది కదా. పదును లోపలి వైపు పెడదాం. చూపుడువేలు ఉంగరంలో దూర్చి పిడికిలి బిగిస్తే, చిటికెనవేలి కింద నుంచి కత్తి అలుగు ముందుకు వంగి రావాలి. పులిగోరులా."

మామగారు నవ్వు ఆపారు. గాలిలోనే చేతిని పిడికిలి చేసి, లాగి చూసుకున్నారు. "ఊఁ," అన్నారు. ఆయన 'ఊఁ' అంటే సగం ఒప్పుకున్నట్టే.

లారీ కమానుపట్టీ ముక్క ఒకటి తీసుకుంది కోడలు. ఒక చివర ఎర్రగా కాల్చి చిన్న కన్నం కొట్టి, దాన్ని దాగలి కొమ్ముకు తొడిగి, తిప్పుతూ తిప్పుతూ పెద్దది చేసింది. మొదటిది గట్టిపడటానికి నూనెలో ముంచగానే ఉంగరం దగ్గర చిటుక్కున పగిలింది. రెండోది నిలిచింది. అలుగు వంపు తీర్చి, సాన పట్టి, పిడికి రెండువైపులా చెక్క బిగించి ఆడపడుచు చేతిలో పెట్టింది.

"అబ్బ వదినా! ఇది నా చేతికే మొలిచినట్టుంది!"

రేవులో కొత్త పనిముట్టు ఏదైనా ముందు డైవర్ల పెద్ద చూడాలి. అతన్ని అందరూ కెప్టెన్ అంటారు. ఏ ఓడకూ కెప్టెన్ కాడు. ఒకప్పుడు డైవరే, ఇప్పుడు పొట్ట పెరిగి ఒడ్డున నిలబడ్డాడు. కత్తిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటమ్మా, సినిమాలో రౌడీల చేతిలో కత్తిలా ఉంది?"

"రౌడీలు తాళ్ళు కొయ్యరు కదండీ," అంది కోడలు.

కెప్టెన్ పకపకా నవ్వి, ఒడ్డునున్న నీళ్ళతొట్టిలో పరీక్ష పెట్టాడు. ఆడపడుచు గ్లౌజులు తొడుక్కుని దిగింది. బొటనవేలంత లావు తడి తాడు ఒక్క లాగుడుకు తెగింది. పిడికిలి విప్పి తొట్టి అంచు పట్టుకుంది. కత్తి వేలికి వేలాడింది తప్ప జారలేదు. చుట్టూ మూగినవాళ్ళు ఈలలు వేశారు. కోడలి ఒళ్ళు పులకరించింది.

"బాగుంది. ఇప్పుడు దాన్ని వదిలెయ్," అన్నాడు కెప్టెన్.

ఆడపడుచు చెయ్యి విదిలించింది. కత్తి రాలేదు. గ్లౌజు తడిసి ఉబ్బిపోయి ఉంగరం బిగిసింది. రెండో చేత్తో లాగింది. గ్లౌజుతో సహా ఊడి వచ్చింది.

కెప్టెన్ మొహంలో నవ్వు లేదు. "చూడమ్మా, నీ పని గొప్పదే. కాదనను. కానీ అలుగు ఏ ఇనుప తీగకో తగులుకుని, ప్రవాహం మనిషిని లాగేస్తోందనుకో. అప్పుడు ఇది వదలకపోతే వేలు పోతుంది. లేదా మనిషే పోతుంది. జారిపోయే కత్తి ఎంత ప్రమాదమో, వదలని కత్తి కూడా అంతే."

వదినా మరదళ్ళిద్దరూ కత్తి తీసుకుని కొలిమికి తిరిగొచ్చారు. సంగతి వినగానే మామగారు ఇంతెత్తున లేచారు. "మా కత్తిని పనికిరాదన్నాడా? వాడికేం తెలుసు!"

ఆయన నోట 'మా కత్తి' అన్న మాట విని, అంత దిగులులోనూ కోడలికి నవ్వొచ్చింది. "పనికిరాదనలేదు మామయ్యా. వదలదన్నాడు. ఉన్నమాటే అన్నాడు."

ఆ రాత్రి అలా పడుకుని, పొద్దున్నే ఆడపడుచును లేపి, గ్లౌజు తొడిగించి, చేతిని బకెట్లో పెట్టించింది. బాగా నానాక ఆ వేలికి మెత్తటి బంకమట్టి చుట్టింది. "వంచు... ఇప్పుడు చాపు... మళ్ళీ వంచు."

"నిద్ర లేపి ఆటలా వదినా?"

"కదలకు."

మట్టిలో పడిన అచ్చు చూస్తే సంగతి తేలిపోయింది. చెయ్యి ఊరికే విప్పినప్పుడు వేలు ఎంతో కొంత వంగే ఉంటుంది. పూర్తిగా చాపితేనే సన్నబడుతుంది. అంటే ఉంగరం గుండ్రంగా ఉండకూడదు. గుడ్డులా కోలగా ఉండాలి. అంచులు లోపలా బయటా నున్నగా ఉండాలి. వంగిన వేలికి పట్టు దొరకాలి, చాచిన వేలిని వదిలెయ్యాలి. చెప్పడానికి రెండు ముక్కలే. చెయ్యడానికి ఇనుము లావుగా కావాలి, లావు ఇనుముకు గట్టి దెబ్బ కావాలి.

పట్టీ కాలి నారింజరంగుకు వచ్చింది. కోడలు పటకారుతో పట్టుకుని సమ్మెట కోసం చూసేసరికి అది మామగారి చేతిలో ఉంది.

"మీకెందుకు మామయ్యా, భుజం నొప్పి..."

"నొప్పి సంగతి నేను చూసుకుంటా. ఎక్కడ కొట్టాలో నువ్వు చూపించు."

కొలిమిలో చిన్నసుత్తి పట్టుకున్నవాళ్ళే పెద్ద. వాళ్ళు సుత్తితో తాకిన చోట సమ్మెట పడాలి. అన్నేళ్ళుగా ఆ చిన్నసుత్తి మామగారు మరొకరికి ఇచ్చింది లేదు. కోడలు దాన్ని తీసుకుంది. ఇనుము చల్లారిపోతుందని గుర్తొచ్చి, ఠక్కున తాకి చూపించింది. సమ్మెట సరిగ్గా అక్కడే పడింది. ఠక్, ధన్. ఠక్, ధన్. ఆయన ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఒక్క దెబ్బ పక్కకు వెయ్యలేదు. మధ్యలో మాత్రం, "తిప్పు... ఆఁ, నువ్వే తిప్పావులే," అన్నారు.

ఈసారి తొట్టి దగ్గర ఆడపడుచు పిడికిలి విప్పితే కత్తి వేలాడింది. వేలు చాపి విదిలిస్తే టప్పున నీళ్ళలో పడింది. కెప్టెన్ తనే గ్లౌజు తొడుక్కుని పదేపదే చేసి చూశాడు. చివరికి కత్తిని ఆడపడుచు ఒరలో తనే దోపి, "పెట్టుకో," అన్నాడు.

తర్వాత కొన్ని వారాలకు, ఎగువన వానలు పడి నది ఎర్రబడిన రోజున, టీకొట్టు అతను పరిగెత్తుకుంటూ కొలిమి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, రేవులో ఎవరో అడుగున ఇరుక్కుపోయారంట! మీ ఆడపడుచు కూడా దిగిందంట!"

కోడలు కాలుతున్న ఇనుమును నిప్పులోనే వదిలేసి పరిగెత్తింది. వెనక మామగారు.

ఒడ్డంతా జనం. ఆడపడుచూ, ఆమెతో ఎప్పుడూ జంటగా దిగే ఇంకో డైవరూ ఇసుక పడవ పంకా విడిపించడానికి దిగారు. మనిషి భారీగా ఉంటాడని అతన్ని అందరూ ఏనుగు అంటారు. పైనుంచి కొట్టుకొచ్చిన పెద్ద వల అతని కాళ్ళకూ వీపు మీది సిలిండరుకూ చుట్టుకుపోయింది. కెప్టెన్ తాడు పట్టుకుని నీటి మీద బుడగల వంకే చూస్తున్నాడు. రెండు చోట్ల బుడగలు. ఇద్దరూ ఊపిరి తీసుకుంటున్నారన్నమాట. ఇంకో ఇద్దరు డైవర్లు హడావుడిగా సిలిండర్లు బిగించుకుంటున్నారు. ఉంగరం అంచు ఇంకొంచెం నునుపు చేసి ఉండాల్సిందేమో అనుకుంది కోడలు. నూనె ఇంకాస్త వేడిగా ఉండాల్సిందేమో అనుకుంది. మామగారు ఆమె భుజం పట్టుకుని నిలబడ్డారు. ఎవరు ఎవరిని ఆపి ఉంచుతున్నారో తెలియదు.

తాడు రెండుసార్లు కదిలింది. కెప్టెన్ గట్టిగా అరిచాడు. అందరూ కలిసి లాగారు. ముందు ఏనుగు తల పైకొచ్చింది, పక్కనే ఆడపడుచు తల. ఆమె ఒక చెయ్యి అతని చంక కింద ఉంది. రెండోది తాడును పట్టుకుని ఉంది. ఆ చేతి చూపుడువేలికి కత్తి వేలాడుతూ, ఎండకు తళుక్కుమంది.

ఒడ్డున పడుకోబెట్టి మాస్కు తీశాక ఏనుగు మొదట అన్న మాట: "నా కత్తి పోయింది సార్." అందరూ ఏడవబోయి నవ్వేశారు.

ఆడపడుచు పళ్ళు టకటకలాడిస్తూనే వదిన చెయ్యి పట్టుకుంది. "ఒక చేత్తో వాణ్ణి పట్టుకోవాలి, ఒక చేత్తో గొలుసు పట్టుకోవాలి. కత్తికి మూడో చెయ్యి ఎక్కణ్ణుంచి తేను? అది దానంతటదే ఉంది వదినా. పట్టు విప్పి గొలుసందుకోవడం, మళ్ళీ బిగించి కొయ్యడం. ఒకసారి తీగకు తగులుకుంది. నీళ్ళు లాగేస్తున్నాయి. వేలు చాపాను, వదిలేసింది. విడిపించుకుని మళ్ళీ తొడుక్కున్నా."

కెప్టెన్ విన్నాడు. మెడ నిక్కి చుట్టూ ఉన్నవాళ్ళందరి వంకా ఒకసారి చూశాడు.

కత్తి చేతులు మారుతూ జనంలోకి వెళ్ళింది. "ఎవరు చేశారిది?" అని వెనక నుంచి ఎవరో అడిగారు. ఆ వీధిలో అందరికీ తెలిసిన జవాబు ఒక్కటే. పెద్దాయన కొలిమిది. ఆ జవాబు మరొకరి నోట రాకముందే మామగారు గొంతు సవరించుకున్నారు.

"నా కోడలు," అన్నారు. ఎవరికైనా వినపడలేదేమోనని ఇంకా గట్టిగా, "మా కోడలు చేసింది. నేను సమ్మెట కొట్టానంతే."

కోడలు ఎటు చూడాలో తెలియక నది వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తల మాత్రం దించుకోలేదు. ఎందుకు దించుకోవాలి?

ఆ వారంలోనే కెప్టెన్ కొలిమికి వచ్చాడు. అలవాటుగా మామగారి ముందు నిలబడి, "పెద్దాయనా, మా వాళ్ళందరికీ అలాంటి కత్తులు కావాలి," అన్నాడు.

మామగారు బ్లోయరు తిప్పుతూనే, "నన్నడిగితే ఏం లాభం? ఆవిణ్ణి అడగండి. ఖాళీ ఉందో లేదో," అన్నారు.

కోడలు చేతులు తుడుచుకుని ముందుకు వచ్చింది. "చేస్తానండీ. కానీ ఎవరి కత్తికి వాళ్ళే రావాలి. గ్లౌజు నానబెట్టుకుని రావాలి. ఒకరి కొలత ఇంకొకరికి పనికిరాదు."

మర్నాడు ఉదయం కొలిమి ముందు డైవర్లు వరసకట్టారు. ఒక్కొక్కరి చేతి నుంచీ నీళ్ళు కారుతున్నాయి. దారినపోయేవాళ్ళు ఆగి మరీ చూశారు. ఆడపడుచు ఆ వరస పక్కనే అటూ ఇటూ తిరుగుతూ, "తోసుకోకండి, మా వదిన అందర్నీ చూస్తుంది," అని పెత్తనం చేస్తోంది. అందరికంటే ముందు, చీలమండకు కట్టుతో, కర్ర ఊతగా ఏనుగు వచ్చి చెక్కపెట్టె మీద కూర్చుని వేలు ముందుకు పెట్టాడు.

కోడలు దానికి మట్టి చుట్టబోయి ఆగింది. "నాయనా, నీ ఒక్క ఉంగరానికే లారీ కమాను మొత్తం కావాలి."

వరసంతా గొల్లుమంది. మామగారు నవ్వుతూనే గోడకు ఆనించిన పట్టీల్లో అన్నిటికంటే లావుది వెతికి తీసి నిప్పులో పెట్టారు.

"వంచు," అంది కోడలు. "ఇప్పుడు చాపు."