శుభ్రంగా కాల్చిన చేను

పొగ మొదలై ఆరో వారం. తుంబాంగ్ రాహాయ్ ఊరి రేవులో నిలబడితే అవతలి ఒడ్డు కనబడక నెల దాటింది. బడి మూసేశారు. కోళ్ళు మధ్యాహ్నానికే గూళ్ళకి చేరుతున్నాయి. సూర్యుడు పదింటికి గానీ కనబడడు, కనబడ్డా ఎర్రగా కాసేపు వేలాడి మూడింటికల్లా పోతాడు. కలిమంతాన్ అడవుల్లో ఇలాంటి ఏళ్ళు ఇదివరకూ వచ్చాయి. ఈసారి తేడా ఏమిటంటే, ఇంత పొగకీ కారణం ఎవరో సర్కారువారు కనిపెట్టేశారు. ఆ ఊరి లామియాంగ్ తండ్రి సావాంగ్. అరవై ఆరేళ్ళ మనిషి, గుట్ట మీద ఎకరన్నర పోడు కాల్చాడు.

దిగువన పామాయిల్ కంపెనీవాళ్ళు కాలవలు తవ్వి ఎండగట్టిన బురదనేల ఉంది, లోపలంతా కుళ్ళిన ఆకూ వేరూ. అది లోలోపల కాలుతూ నలభై రోజులైంది. ఇక్కడ నీళ్ళు కొడితే అక్కడ లేస్తుంది. వేర్లు మాడిన చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే కూలిపోతున్నాయి. కంపెనీ గేటు ముందు "నిప్పు పెట్టరాదు" అని నాలుగు బోర్డులున్నాయి. అంత పెద్ద అక్షరాలతో బోర్డు పెట్టినవాడు నిప్పు పెడతాడా? కనుక అక్కడ ఎవరినీ పట్టుకోలేదు.

సావాంగ్‌ని పట్టుకున్నారు. ముగ్గురు పోలీసులు పడవలో వచ్చేసరికి ఆయన వసారాలో బుట్ట అల్లుకుంటున్నాడు. పాపం, పొగలో దారి తప్పి వచ్చారేమో అనుకుని "అన్నం తిన్నారా బాబూ?" అని అడిగాడు. లామియాంగ్ టీ పెట్టి ఇచ్చింది. వాళ్ళు తాగారు, బాగుందన్నారు, తరవాత ముసలాయన్ని పడవ ఎక్కించారు. చొక్కా మార్చుకుంటానంటే మార్చుకోనిచ్చారు కూడా. అంతవరకూ మర్యాదస్తులే. ఆయనకి అసలే ఆయాసం. ఇది జరిగి తొమ్మిది రోజులైంది, ఈ తొమ్మిది రోజులూ లామియాంగ్‌కి ముద్ద దిగలేదు. ఆయన్ని ఎలాగైనా ఇంటికి తెచ్చుకోవాలి. ఆమెకి వేరే ధ్యాస లేదు.

తేగలనన్న ధైర్యం మాత్రం ఆమెకి ఉంది. ఎందుకంటే ఆమె ఫోన్లో రుజువు ఉంది.

పోడు కాల్చడం ఆ ఊళ్ళో ఆషామాషీ పని కాదు. చేను చుట్టూ నాలుగు బారల వెడల్పున బాట తీసి, ఎండుటాకు కూడా లేకుండా ఊడుస్తారు. హద్దుల్లో పొలాలున్నవాళ్ళని పేరుపేరునా పిలుస్తారు. గాలి పోయే వైపు చివర ముందు అంటిస్తారు, మంట గాలికి ఎదురు నడుస్తూ నెమ్మదిగా లోపలికి వస్తుంది. చుట్టూ నీళ్ళ డబ్బాలతో ఆడవాళ్ళు, పచ్చికొమ్మలతో మగవాళ్ళు కాపలా. ఒక్క రవ్వ ఎగిరి పక్కవాడి రబ్బరుచెట్టుకి తగిలినా పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అక్కడ పెద్దలు అడిగేది ఒకటే మాట, "అంచున ఎవరెవరు నిలబడ్డారు?" అని. ఎంతమంది పేర్లు చెప్పగలిగితే మనిషి అంత నిర్దోషి. ఒంటరిగా కాల్చినవాణ్ణే దొంగ అంటారు. లామియాంగ్‌కి నలభై ఏళ్ళు వచ్చాయి, ఆమె చూసిన న్యాయం అంతా ఇదే.

చేను కాల్చిన రోజు తండ్రీ తనూ కాక పద్నాలుగుమంది వచ్చారు. ఒంటిగంటకి అంటిస్తే మూడున్నరకి ఆరిపోయింది. బాట దాటి గడ్డిపరక మాడలేదు. పని అయ్యాక అందరూ మసి మొహాలతో, కాగడాలూ కొమ్మలూ పట్టుకుని వరసగా నిలబడ్డారు, లామియాంగ్ ఫొటో తీసింది. అందరూ పళ్ళికిలించి నవ్వుతున్నారు. వెనకాల చేను నల్లగా, గీత గీసినట్టు ఉంది.

"ఈ ఒక్క ఫొటో చూస్తే చాలు మామా. వాళ్ళకే సిగ్గేస్తుంది," అంది మేనమామ దెహెన్‌తో.

"పోలీసులకా? సిగ్గా?" అన్నాడు దెహెన్ పడవకి డీజిలు పోస్తూ. "పట్నంలో అదెక్కడన్నా మొలుస్తుంటే చెప్పు, గుప్పెడు విత్తనం తెచ్చుకుందాం."

తెల్లవారగానే బయల్దేరారు. తెల్లవారిందని గడియారం చెప్పింది గానీ ఏరు చెప్పలేదు. నీళ్ళు తగ్గి ఇసుక దిబ్బలు తేలాయి, పొగలో అవి దగ్గరికొచ్చేదాకా తెలియవు. ముందు కొసన లామియాంగ్ తడిగుడ్డ మూతికి కట్టుకుని కూచుని, ఎదురొచ్చే పడవలకి వినబడేలా నూనె డబ్బాని గరిటెతో కొడుతోంది. వెనక దెహెన్ ఇంజను పట్టుకుని దగ్గుతూ, దగ్గుకీ దగ్గుకీ మధ్య మాట్లాడుతూ ఉన్నాడు.

పొగలోంచి ఎవరిదో గొంతు వచ్చింది. "ఎవరదీ?"

"మనుషులమేనయ్యా!"

"మనుషులైతే కుడికి జరగండి! ఎడమన దిబ్బ ఉంది. దెయ్యాలైతే మీ ఇష్టం!"

"నీ గొంతు వింటే నువ్వే దెయ్యంలా ఉన్నావ్!" అని దెహెన్ పడవని కుడికి తిప్పాడు. ఆ పడవ పక్కనుంచే పోయింది, అందులో ఎవరున్నారో ఇద్దరికీ కనబడలేదు.

కంపెనీ రేవు దగ్గరికొచ్చేసరికి గాలి ఘాటెక్కింది. ఒడ్డున చెట్లు లేవు, మోడుల మొదళ్ళలో నిప్పు కణకణలాడుతోంది. లామియాంగ్‌కి కళ్ళు మండి నీళ్ళు కారాయి. కంటి మంట ఒకటీ, కడుపు మంట ఒకటీ.

"ఇది చూడు మామా. దీన్నొదిలేసి మా నాన్నని పట్టుకున్నారు."

"మీ నాన్నకి చేతులున్నాయి, బేడీలు వేయొచ్చు. దీనికి వేయాలంటే ఎక్కడ వేస్తారే?" అన్నాడు దెహెన్. ఒకసారి దగ్గి, "అక్కడ తక్కువ మాట్లాడు అమ్మాయ్. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకో," అన్నాడు.

"తప్పు చేసినవాళ్ళు తక్కువ మాట్లాడాలి. మనకేంటి?"

దెహెన్ ఇంజను మీదికి వంగాడు. ఆమె చెప్పింది అబద్ధం కాదు గదా.

ఇంకా దిగువన, రోడ్డు కలిసే రేవులో దిగి కారెక్కారు. డ్రైవరు పట్టపగలు లైట్లు వేసుకుని, తల కిటికీలోంచి బయటికి పెట్టి నడిపాడు. గంటలో పోయే దారి మూడు గంటలు పట్టింది. పట్నంలో కూడలి దగ్గర బల్ల వేసుకుని మూతికి కట్టుకునే గుడ్డలు ఉచితంగా పంచుతున్నారు. వెనక బ్యానరు మీద పెద్దాయన ఒకాయన నీలాకాశం కింద నవ్వుతున్నాడు.

స్టేషను గుమ్మం దగ్గర జవాను దెహెన్‌ని ఆపేశాడు. నిక్కరు వేసుకున్నవాళ్ళని లోపలికి రానివ్వరట. "ఏడువందల ఎకరాలు కాలిస్తే రానిస్తారా?" అని దెహెన్ గొణిగాడు గానీ, జవానుకి వినబడేంత గట్టిగా గొణగలేదు. లామియాంగ్ ఒక్కతే లోపలికి వెళ్ళింది.

ఆ గదిలో ఏసీ ఉంది. తలుపు మూయగానే పొగ లేదు. ఆరు వారాల తరవాత గుండెల నిండా గాలి పీల్చేసరికి లామియాంగ్‌కి ప్రాణం లేచొచ్చింది. బల్ల వెనక ఉన్నది కుర్ర ఆఫీసరు, మెత్తగా మాట్లాడే మనిషి. కూచోమన్నాడు. మంచినీళ్ళు ఇప్పించాడు. ఇంత మంచివాడికి నిజం చెబితే ఎందుకు అర్థం కాదు అనుకుంది.

"సార్, మా నాన్న దొంగలా కాల్చలేదండి. చూడండి." ఫోను బల్ల మీద పెట్టింది.

ఆయన వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. "బాగా తీశారమ్మా. మొహాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. తేదీ, టైమూ కూడా ఉన్నాయే."

"ఉన్నాయి సార్! ఒంటిగంటకి మొదలు, మూడున్నరకి అయిపోయింది. ఈ బాట చూడండి, మా ఇంటి ముంగిలి కూడా ఇంత శుభ్రంగా ఉండదు."

"ఇంతమంది ఉన్నారా?"

లామియాంగ్ గుండె పొంగింది. అడగవలసిన ప్రశ్న అడిగాడు. పెద్దల ముందు అడిగే ప్రశ్న.

"ఉన్నారండీ. రాసుకోండి. ఈ కాగడా పట్టుకున్నవాడు మా పెదనాన్న కొడుకు సలుండిక్. అంటించడంలో వాడిని మించినవాడు ఏటి పొడుగునా లేడు. వీడి పక్కన మా మామ దెహెన్, బయట కూచున్నాడు, కావాలంటే పిలవండి. వీళ్ళిద్దరూ తూర్పు హద్దువాళ్ళు..."

ఆయన రాసుకున్నాడు. ఇంటిపేర్లు అడిగాడు, చెప్పింది. ఎవరి చేతిలో కాగడా, ఎవరి చేతిలో కొమ్మ అని అడిగాడు, చెప్పింది. వేలితో ఒక్కొక్క మొహం మీదా చూపిస్తూ పదముగ్గురి పేర్లు చెప్పింది. తండ్రి గొలుసు ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క లంకె ఊడుతున్నట్టే ఉంది ఆమెకి.

"ఇంతేనా?"

"ఇంకొకరున్నారండీ! మా పిన్ని రుంతింగ్. ఫొటోలో పడలేదు. అప్పుడు వెనకాల అందరికీ అన్నం వండుతోంది. అంతకుముందు నీళ్ళన్నీ మోసింది ఆవిడే. ఆవిడ పేరు వదిలేస్తే నన్ను బతకనివ్వదు, రాసుకోండి."

రాసుకున్నాడు. ఫోన్లో ఫొటోలన్నీ తన కంప్యూటర్లోకి ఎక్కించుకున్నాడు. కాగితం తిప్పి ఆమె ముందు పెట్టాడు. ఆమె తాను చెప్పినదంతా చదువుకుంది. ఒక్క అక్షరం తప్పు లేదు. సంతోషంగా సంతకం పెట్టింది.

రెండు గంటలు బల్ల మీద కూచోబెట్టి, తరవాత పది నిమిషాలు తండ్రిని చూడనిచ్చారు. ఊచల అవతల సావాంగ్ సగమైపోయి ఉన్నాడు. మాటకీ మాటకీ మధ్య ఈల లాంటి శబ్దం వస్తోంది.

"ఎవరెవరు నిలబడ్డారో చెప్పావా?"

"చెప్పాను నాన్నా. అందరివీ చెప్పాను."

"రుంతింగ్‌ది?"

"అదీ చెప్పాను."

ముసలాయన కళ్ళు మూసుకుని తల ఊపాడు. "మంచిపని చేశావమ్మా. ఇక భయం లేదు. పద్నాలుగుమంది మాట కాదని ఎవడంటాడు?" అన్నాడు. తొమ్మిది రోజుల్లో మొదటిసారి నవ్వాడు.

ఆమె బయటికి వస్తుంటే జవాను పిలిచి కవర్ల కట్ట చేతిలో పెట్టాడు. ఏమిటంటే, పొగకి ఏటి మీద టపా పడవ ఆగిపోయింది, మీరెలాగూ అటే వెళ్తున్నారు గదా, ఎవరివి వాళ్ళకి ఇచ్చి సంతకాలు పెట్టించమన్నాడు. పద్నాలుగు కవర్లు. పైది మామ దెహెన్ పేరు మీద ఉంది. అక్కడే చింపి చదివింది. చట్టవిరుద్ధంగా నిప్పు పెట్టడంలో పాలుపంచుకున్న నిందితుడు, పై సోమవారం హాజరు కావాలి.

లామియాంగ్ మిగతా కవర్ల మీది పేర్లు ఒక్కొక్కటే చూసింది. తరవాత ఆ ఏసీ గదిలోకి పరిగెత్తింది.

"సార్, వాళ్ళు ఆర్పినవాళ్ళండీ! కాపలా కాసినవాళ్ళండీ! నేను చెప్పింది అందుకు కాదండీ!"

"మీరే చెప్పారు కదమ్మా, అంతా కలిసి చేశామని," అన్నాడు ఆఫీసరు, అంతే మెత్తగా.

"మరి నాకేది కవరు? నేనూ ఉన్నాను. నాకూ ఇవ్వండి."

"మీరు ఫొటో తీశారు. మీరు మా సాక్షి."

ఆ మాటకి ఆమెకి తల కొట్టేసినట్టయింది. చేతులారా, వేలు పెట్టి చూపించి మరీ అప్పగించింది. తల్లిలాంటి మనిషిని, ఫొటోలో కూడా లేని మనిషిని.

తిరిగి రేవుకి వచ్చాక దెహెన్ తన కవరు చదువుకున్నాడు. రెండుసార్లు చదివాడు. "పేరు తప్పుల్లేకుండా రాశారే. ఓటరు కార్డులో కూడా ఇంత సరిగ్గా లేదు," అన్నాడు. ఆమె తన వేలితో చేసినదంతా చెప్పింది. అంతా విన్నాక ఆయన కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని ఇంజను తాడు లాగాడు. ఎన్ని తిట్లు తిట్టినా బాగుండేది. ఎదురు పడవలవాళ్ళు "ఎవరదీ?" అని అరిచినా పలకలేదు. లామియాంగే డబ్బా కొడుతూ కూచుంది.

ఇంజను చప్పుడు విని ఊరంతా రేవులోకి దిగింది. పొగలో ముందు లాంతరు కనబడింది, తరవాత లాంతరు పట్టుకున్న రుంతింగ్ కనబడింది. ఆవిడ మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చేసి పడవ అంచు పట్టుకుంది.

"మీ నాన్న ఏడే?"

"రాలేదు పిన్నీ."

"రేపొస్తాడా? పోనీలే. ఫొటో చూపించావా?"

"చూపించాను."

"చూశారా? ఎంత శుభ్రంగా కాల్చామో చూశారా?"

"చూశారు."

"చెప్పానా నేను!" అని రుంతింగ్ వెనక్కి తిరిగి ఊరివాళ్ళందరికీ వినబడేలా కేకేసింది. మళ్ళీ ఇటు తిరిగింది. "అవునూ, నేను ఫొటోలో లేను గదా. నేనూ ఉన్నానని చెప్పావా, మర్చిపోయావా?"

లామియాంగ్ సంచిలో చెయ్యి పెట్టి, కట్టలోంచి ఆవిడ పేరున్న కవరు తీసి ఇచ్చింది. రుంతింగ్‌కి చదువు రాదు. ముద్ర చూసి, లాంతరు పక్కవాళ్ళకిచ్చి, తడి చేతులు కట్టుగుడ్డకి తుడుచుకుని, రెండు చేతులా అందుకుంది. కవరు లామియాంగ్‌కే తిరిగి ఇస్తూ, "సర్కారు నాకు ఉత్తరం రాసిందే! చదవవే," అంది. "గట్టిగా చదువు, అందరూ వింటారు."