సుక్రు బొరిగె

ఆ కొండమీది ఊళ్లో మనిషి పోతే, బతికినన్నాళ్లూ అతను ఎక్కువగా పట్టుకున్న పనిముట్టును మట్టిచేసిన చోట తలవైపు గుచ్చి వచ్చేస్తారు. అవతలైనా చేసుకు బతకాలి కదా మరి! తొంభై ఏడు వేసవిలో జ్వరమొచ్చి పోయిన సుక్రుకి అలా పెట్టింది బొరిగె. జానెడు పిడి, అరచేతంత ఇనుము, కలుపు తీసుకునే పనిముట్టు. దిగువ ఊరి కమ్మరి లారీ కమాన్ బద్దను సాగగొట్టి చేసిచ్చాడు. ఇప్పుడు ఆ కమ్మరీ లేడు, ఆ కొలిమీ లేదు.

సుక్రు భార్య యర్రమ్మకి మొగుడు పోయిన దుఃఖం ఒక ఎత్తు, పెరట్లో కలుపు ఒక ఎత్తు అయ్యాయి. ఇంటి వెనక ఉన్న అల్లం మడే ఆ ఇంటికి ఏడాది పొడుగునా తిండీ, బట్టా. వానలు పట్టుకునేసరికి గడ్డి మోకాలెత్తు లేచింది. అరకు సంతలో కొన్న కొత్త బొరిగె మూడోనాటికే రాళ్లకు తగిలి వెనక్కి వంగిపోయింది. కలుపుల రోజుల్లో అరువిచ్చేదెవరు? చేత్తో పీకింది. వేళ్లు పుళ్లుపడ్డాయిగానీ వేర్లు ఊడిరాలేదు. అల్లం ఆకు పసుపెక్కుతోంది.

ఒక పొద్దున కట్టెలకని వెళ్లి, మొగుణ్ణి మట్టిచేసిన చోట ఆగింది.

"కోపం సేసుకోకు. మడి పోతే మీయమ్మకి నానేటి పెట్టగలను?" అని, బొరిగె పీకి కట్టెల మోపులో దాచుకు వచ్చేసింది. దొంగతనమే! అందులోనూ చచ్చిపోయిన మొగుడి దగ్గర.

మూడు రోజుల్లో సగం మడి బాగుపడింది. నాలుగో రోజు అత్త సోములమ్మ పెరట్లోకి వచ్చింది. చూపు ఆనక చేత్తో తడుముకుంటూ తిరిగే మనిషి. అల్లం మొక్కల మధ్య చతికిలబడి మట్టి నిమిరింది. ఒకచోట చెయ్యి ఆగిపోయింది.

సుక్రుది ఎడమచేతివాటం. ఇరవై ఏళ్ల వాడకంలో అతని బొరిగె ఒక మూల అరిగిపోయి, రెండో మూల మాత్రమే మట్టిని లోతుగా గీసేది. యర్రమ్మకి ఆ సంగతే తోచలేదు. ఆ గీతల్ని కన్నతల్లి వేళ్లు మరిచిపోతాయా?

"ఒలే కోడలా! మా గుంటడు ఒచ్చాడే!"

యర్రమ్మ బొరిగెను కొంగు కింద దాచేసింది.

"ఆడికక్కడ సోటు దొరకనేదు కామోసు. పనికోసం ఇక్కడిక్కడే తిరుగుతన్నాడు. కూడెవులెడతారే ఆడికి?"

ఆ రోజు సోములమ్మ అంబలి ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. గుమ్మంలో కూర్చుని, కొండవైపు మొహం పెట్టి, కొడుకుని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది.

యర్రమ్మకి ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. చెబితే అత్త తన మొహం చూడదు, ఊరు వెలేసినా వేస్తుంది. చెప్పకపోతే ముసలిది ఆకలికే పోయేలా ఉంది. మూడోనాడు తెల్లారగానే బొరిగె తెచ్చి అత్త ఒళ్లో పెట్టింది.

"ఆడు రానేదు అత్తా. నానే తెచ్చీసినాను."

సోములమ్మ పిడి తడిమింది. కొడుకు బొటనవేలు ఆని ఆని పడిన గుంటలో తన వేలు పెట్టి చూసుకుంది.

"ఎన్నాళ్లయింది?"

"ఆరు రోజులు."

"ఆరు రోజులు ఉత్తసేతుల్తో కూకున్నాడా నా కొడుకు!"

ముసలిది గుండెలు బాదుకుని ఏడ్చింది. యర్రమ్మ కాళ్ల మీద పడబోతే తోసేసింది. ఏడుపు ఆగాక కళ్లు తుడుచుకుంది.

"మడెంత మిగిలింది?"

"సగం."

"అయితే ఇప్పుడెట్టకు. నాను పోయినప్పుడు నా పక్కనెట్టు. నానే అట్టుకెళ్లి ఆడికిత్తాను. అందాకా తవ్వుకో. అంబలి పొయ్యి, బేగి."

కలుపు అయిపోయింది. అల్లం నిలబడింది. కానీ ఆ వానాకాలమంతా, లోపల్నుంచి అత్త దగ్గు వినబడితే చాలు, యర్రమ్మ చేతిలో బొరిగె ఆగిపోయేది. దగ్గు వినబడకపోతే మరీ భయం. మట్టిచేతులతోనే పరిగెత్తుకెళ్లి, "అత్తా, అంబలి పొయ్యమన్నావా?" అని అడిగేది.